ఫొటో దిగిన వేసవి

మన ఇళ్ళల్లో మిగిలిన పాత ఫొటోలను మనుషుల వారీగానో సంవత్సరాల వారీగానో కాకుండా ఋతువుల వారీగా సర్ది చూస్తే ఒక సంగతి తేలుతుంది. వానాకాలం దాదాపు ఖాళీ. చలికాలానికి ఒకటో రెండో ఉంటాయి, సంక్రాంతి కొత్తబట్టలతో తీయించినవి. మిగిలిన కుప్పంతా వేసవే. దీనికి కారణాలు వెతకడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. ఏప్రిల్ 23న బడి మూసి జూన్ 12న తెరవడం ఎన్నో ఏళ్ళుగా మనకున్న లెక్క. ఆ ఏడు వారాల్లోనే అత్తవారిళ్ళ నుంచి ఆడపిల్లలు పుట్టింటికి వస్తారు. పిల్లలందరూ ఒకచోట చేరతారు. చైత్ర వైశాఖాల్లో ముహూర్తాలుంటాయి. అన్నిటికంటే ముఖ్యంగా ఎండ ఉంటుంది. చవకరకం కెమెరాలకు ఎండే కావాలి.

అయితే ఇదే కుప్పను ఆడవాళ్ళు చెప్పే వేసవి జ్ఞాపకాల పక్కన పెట్టి చూడండి. రెండూ కలవవు. ఏ వయసు స్త్రీని కదిపినా మేడమీద నీళ్ళు చల్లి వేసిన పక్కలు, వట్టివేళ్ళ తడికలు, కొత్తకుండలో నీళ్ళు, తాటిముంజలు, మధ్యాహ్నం మగవాళ్ళు పడుకున్నాక వసారాలో గవ్వలాట, గచ్చకాయలు, ఇవే చెబుతారు. ఫొటోల్లో ఇవేవీ లేవు. స్త్రీలు సుఖమని చెప్పుకున్న వేసవికీ, కెమెరా సుఖమని గుర్తించిన వేసవికీ మధ్య ఇంత ఎడం ఉంది. ఈ ఎడంలో ఒక్క మినహాయింపు కనిపిస్తుంది. మల్లెమొగ్గల జడ వేయించుకుని, వెనక నిలువుటద్దం పెట్టి తీయించుకున్న ఆడపిల్ల ఫొటో. కోస్తాలోనూ, తెలంగాణ పట్టణాల్లోనూ, రాయలసీమలోనూ, అటు తమిళనాడులోనూ కాస్త కలిగిన ఇళ్ళల్లో ఇది లేని ఆల్బం అరుదు. చరిత్రకారులు దీన్ని పట్టించుకోలేదు. స్త్రీవాదులం మనం పట్టించుకున్నప్పుడు కూడా పెళ్ళిచూపులకు పనికొచ్చే సరుకుగానే చూశాం. ఈ ఫొటోను ఇంకాస్త ఓపిగ్గా చదవాలన్నది నా ప్రతిపాదన.

ముందు భాష దగ్గర మొదలుపెడదాం. తెలుగులో ఫొటోకి రెండు క్రియలున్నాయి. ఒకరు ఫొటో తీస్తారు, ఇంకొకరు ఫొటో దిగుతారు. బావిలోకి దిగినట్టు, బండి దిగినట్టు, ఫొటో దిగడం. ఈ మాట ఎవరు పుట్టించారో గానీ అందులో ఒక చిన్న నిజం ఇరుక్కుంది. దిగడం కూడా ఒక పనే. ఎదురుగా కూర్చున్న మనిషి ఊరికే పట్టుబడిపోలేదు, తానుగా ఒక చోటికి అడుగు పెట్టింది అని ఆ క్రియ చెబుతోంది. మన ఇళ్ళల్లో చాలాకాలం తీసినవాళ్ళు మగవాళ్ళు, దిగినవాళ్ళు ఆడవాళ్ళు. ఆ విభజన వాస్తవమే. కానీ దిగడాన్ని చేతగానితనంగా లెక్కగట్టడం ఆ వాస్తవం నుంచి తప్పనిసరిగా వచ్చే నిర్ధారణ కాదు.

వేసవినీ, స్త్రీనీ, కెమెరానీ ఒకచోట చేర్చిన మొదటి పెద్ద ప్రయత్నం మనది కాదు, అమెరికాలోని కొడాక్ కంపెనీది. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ అమ్మకానికి పెట్టిన కొడాక్ కెమెరా ధర 25 డాలర్లు. అందులో 100 ఫొటోలకు సరిపడే ఫిల్ము ముందే ఎక్కించి ఉండేది. అన్నీ తీశాక కెమెరాను యథాతథంగా కంపెనీకి పంపితే వాళ్ళే కడిగి, ముద్రించి, కొత్త ఫిల్ము వేసి తిరిగి పంపేవారు. 1900లో వచ్చిన బ్రౌనీ కెమెరా ధర ఒక్క డాలరు. అంతదాకా ఫొటోగ్రఫీ అంటే రసాయనాలు, చీకటిగది, బరువైన పెట్టెలు, అంటే మగవాళ్ళ వ్యవహారం. ఇక మీట నొక్కడం తప్ప ఏమీ అక్కర్లేదని చెప్పడానికి కంపెనీ ఎంచుకున్న బొమ్మ ఒక యువతి. 1893 నుంచి ప్రకటనల్లో కనిపించిన ఈ 'కొడాక్ గర్ల్' 1910 ప్రాంతంలో నీలం తెలుపు చారల గౌను తొడుక్కుంది. సముద్రతీరంలో, పడవ మీద, పొలంగట్ల మీద కెమెరా చేతబట్టుకుని ఒంటరిగా తిరిగింది. ఆమె ఉన్నచోట ఎక్కువగా వేసవి సెలవులే. కొడాక్ లేని సెలవులు వృథా అన్నంతదాకా వెళ్ళాయి ఆ ప్రకటనలు.

ఇందులో విముక్తి ఎంత, వ్యాపారం ఎంత అన్న ప్రశ్న మీద నాన్సీ మార్తా వెస్ట్ 2000లో ఒక మంచి పుస్తకం రాశారు. కొడాక్‌కు ముందు అమెరికన్ కుటుంబాలు చనిపోయినవాళ్ళనూ, దుఃఖంలో ఉన్నవాళ్ళనూ కూడా ఫొటో తీయించుకునేవి. కొడాక్ ప్రకటనలు మెల్లగా ఆ అలవాటును పక్కకు నెట్టి, జ్ఞాపకం అంటే సంతోషం మాత్రమే అని నేర్పాయని ఆమె వాదన. ఇంగ్లండులో జో స్పెన్స్ 1979 నుంచీ ఇదే విషయాన్ని మరోవైపు నుంచి పట్టుకుంది. కుటుంబ ఆల్బంలో పుట్టినరోజులూ, సముద్రతీరాలూ ఉంటాయి గానీ అంట్లు తోముతున్న తల్లి, జబ్బు, తగాదా, కూలిపని ఉండవెందుకని ఆమె అడిగింది. తనకు రొమ్ము క్యాన్సర్ వచ్చాక ఆ ఒంటినే కెమెరా ముందు పెట్టింది. ఈ ఇద్దరి ప్రశ్నలూ మనకు అవసరమే. కాకపోతే వాటిని ఉన్నవి ఉన్నట్టుగా తెచ్చి మన ఆల్బంల మీద అతికించలేం. అక్కడ కెమెరా నేరుగా ఇంట్లోకి వచ్చింది, అందులోనూ స్త్రీ చేతిలోకి వచ్చింది. ఇక్కడ చాలామంది ఆడపిల్లలు కెమెరా దగ్గరకు తామే వెళ్ళవలసి వచ్చింది.

వెళ్ళడమే ఒక సమస్య. పరదా ఉన్న ఇళ్ళ స్త్రీలు పరాయి మగవాడి ఎదుట కూర్చోలేరు. దీనికి దొరికిన జవాబు మన హైదరాబాదులోనే ఉంది. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ 1892లో స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక జెనానా స్టూడియో తెరిచాడు. బయటి చూపు పడకుండా ఎత్తయిన గోడలు కట్టించి, దాని నిర్వహణను కెనీ లెవిక్ అనే ఇంగ్లీషు మహిళకు అప్పగించాడు. తీసేదీ స్త్రీయే, దిగేదీ స్త్రీయే అయిన గది అది. దీన్‌దయాళ్ తీసిన కోటలూ, వేటలూ, దర్బారులూ ప్రపంచమంతా ప్రదర్శనల్లో తిరిగాయి. ఆమె పేరు మాత్రం ఒక వాక్యానికి మించి ఎక్కడా పెరగదు. గోషా కోసం తీసినవి గోషాలోనే ఉండిపోవడంలో తర్కం ఉంది, అన్యాయమూ ఉంది.

ఆ తరవాతి తరాల్లో కెమెరా పట్టిన భారతీయ స్త్రీల సంగతి ఇప్పుడిప్పుడే రాసుకుంటున్నాం. కాశీ దగ్గర రామనగర్‌లో పెరిగిన బెంగాలీ కవలలు దేబలీనా, మనోబీనా 1919లో పుట్టారు. పన్నెండో పుట్టినరోజుకు తండ్రి ఇద్దరికీ చెరొక కెమెరా కొనిచ్చాడు. పెళ్ళిళ్ళయ్యాక కూడా ఇద్దరూ ఫొటోలు తీస్తూనే ఉన్నారు. మనోబీనాను సినీ దర్శకుడు బిమల్ రాయ్ భార్యగానే ఎక్కువమంది ఎరుగుదురు. హోమాయ్ వ్యారావాలా (1913–2012) బొంబాయిలో చదువుకునే రోజుల్లో తీసిన తొలి పని ఒక పిక్నిక్. మన మొదటి మహిళా పత్రికా ఫొటోగ్రాఫర్ స్వాతంత్ర్య పతాకంతో కాకుండా వనభోజనంతో మొదలైందని తెలిస్తే నాకెందుకో సంతోషంగా ఉంటుంది. తొలినాళ్ళలో ఆమె ఫొటోలు భర్త మానెక్‌షా పేరుతో అచ్చయ్యేవి. 1970లో ఆమె కెమెరా పక్కన పెట్టేసింది. పద్మవిభూషణ్ 2011లో వచ్చింది.

మరి తెలుగు ఇళ్ళల్లో? కెమెరా కొనివ్వగల తండ్రులు తక్కువ. కొనిచ్చినా అది కొడుకు చేతికే. ఆడపిల్లకు దొరికింది ఊళ్ళోని స్టూడియో. ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి, అదీ వేసవిలో, మల్లెలు విరగబూసినప్పుడు.

ఈ ఫొటో ఎలా తయారవుతుందో పూర్తిగా చెప్పుకుందాం. బజారులో కొన్న మూరలతో జడ కాదు. శేర్ల కొద్దీ విడిమొగ్గలు కావాలి. గుండ్రంగా, గట్టిగా, ఇంకా విచ్చుకోని బొండుమల్లెలు. జుట్టు చాలకపోతే సవరం చేర్చి బిగించి అల్లుతారు. కొన్నిళ్ళల్లో మొగ్గలను చీపురుపుల్లలకు గుచ్చి వరసలుగా జడకు కుడతారు. మరికొన్నిళ్ళల్లో అరటిపట్ట మీద ముందే కుట్టి సిద్ధం చేసి జడ మీద పరుస్తారు. మధ్యలో కనకాంబరాల గీత, అంచున మరువం, పైన నాగరమో చంద్రవంకో, కింద జడకుచ్చులు. సూది చేసే పని కాబట్టి కదలకుండా కూర్చోవాలి. రెండు మూడు గంటలు పడుతుంది. ఆ కుట్టే స్త్రీల చుట్టూ ఇరుగుపొరుగు చేరతారు, కబుర్లుంటాయి, పాటలుంటాయి. మధ్యాహ్నమే మొదలుపెట్టాలి, ఎందుకంటే మల్లెమొగ్గ సాయంకాలానికి విచ్చుకుంటుంది. విచ్చుకుంటే వరస చెదురుతుంది. కాబట్టి ఫొటో నాలుగింటికల్లా అయిపోవాలి. పిల్లను రిక్షాలో వెనక్కి ఆనకుండా కూర్చోబెట్టి తీసుకెళ్ళాలి. మొత్తం వ్యవహారమంతా ఒక మొగ్గ గడియారం మీద నడిచేది.

స్టూడియోలో అసలు చిక్కు అద్దం. పిల్ల ముఖమూ కనపడాలి, జడా కనపడాలి, ఫొటో మాత్రం ఒకటే. నిలువుటద్దాన్ని వెనక ఏటవాలుగా నిలబెట్టి, అందులో కెమెరా గానీ నల్లగుడ్డ కప్పుకున్న తన తల గానీ పడకుండా ఫొటోగ్రాఫరు కోణం చూసుకోవాలి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అద్దంలోని జడ అద్దం ఉన్నంత దూరంలో ఉండదు. అద్దం దాకా ఒక దూరం, అద్దం నుంచి పిల్ల వీపు దాకా మరో దూరం, రెండూ కలిపి కెమెరా చూస్తుంది. ముఖం మీద కుదిర్చితే జడ మసకబారుతుంది. అందుకని కటకం కన్ను బాగా చిన్నది చేసి, ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. అంతసేపూ పిల్ల కదలకూడదు, రెప్ప వేయకూడదు. ఈ ఫొటోల్లో పిల్లలు నవ్వకపోవడానికి సిగ్గొక్కటే కారణం కాదు. సగం ఆప్టిక్సు.

రంగు సంగతీ ఉంది. పాత స్టూడియోల్లో వాడిన ఆర్థోక్రొమాటిక్ ప్లేట్లకు ఎరుపు కనబడదు. నుదుటి కుంకుమ నల్లచుక్కగా పడుతుంది, కనకాంబరాలు జుట్టులో కలిసిపోతాయి. తెల్లటి మల్లె మాత్రం నల్లటి జుట్టు మీద దివ్యంగా వెలుగుతుంది. నలుపు తెలుపుల ఫొటోకి మల్లెమొగ్గల జడ కంటే అనువైన వస్తువు మన సంస్కృతిలో మరొకటి లేదని నా నమ్మకం. తరవాత టచింగు చేసేవాళ్ళు నెగటివు మీద పెన్సిలుతో బుగ్గలు నునుపు చేసేవారు. మొగ్గల జోలికి పోనవసరం ఉండేది కాదు.

ఇక ఎవరు కుట్టారన్నది. ఎనభై దాటిన ఒక పెద్దావిడ తన ఎనిమిదో ఏట తీయించుకున్న ఫొటో చూపిస్తూ ఫొటోగ్రాఫరు పేరు గుర్తు లేదంది, ఖరీదు గుర్తు లేదంది. "మా మేనత్త కుట్టింది. ఆవిడ చెయ్యి పడితే మొగ్గ ఒక్కటి కూడా వంకర పోయేది కాదమ్మా" అని మాత్రం గట్టిగా చెప్పింది. ఆ మేనత్త పన్నెండో ఏటే భర్త పోయి పుట్టింట్లో ఉండిపోయిన మనిషి. వంటంతా ఆవిడదే, పిల్లలందరి పెంపకం ఆవిడదే. పూలు పెట్టుకునే హక్కు లేదు. శుభమా అని జడ వేస్తూ మొదటి మొగ్గ ఆవిడ చేత పెట్టించకూడదని, ముత్తైదువ ఒకతె వచ్చి ఒక మొగ్గ గుచ్చి వెళ్ళేదట. మిగిలిన వందలాది మొగ్గలూ ఆవిడవే. రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. అది జరిగి అరవై ఏళ్ళు గడిచాక కూడా ఆ వసారాలో పరిస్థితి ఇదీ. "ఆవిడ ఫొటో ఉందా" అని అడిగాను. "ఆవిడకెవరు తీస్తారే" అంది ఆ పెద్దావిడ, నా ప్రశ్నే అర్థం కానట్టు.

అందుకని ఈ ఫొటో చూసినప్పుడు ఆ అద్దంలోని జడను ఒక చేతిరాతగా చదవాలని నాకనిపిస్తుంది. ఆ మేనత్తకు సంతకం లేదు, ఫొటో లేదు. ఉన్నదల్లా అద్దంలో తిరగబడి కనిపించే ఆ వరసలే. కుటుంబ ఆల్బంలో శ్రమ కనబడదన్న జో స్పెన్స్ మాట ఇక్కడ పూర్తిగా వర్తించదు. శ్రమ కనబడుతూనే ఉంది, నిలువెత్తున కనబడుతోంది. శ్రమించిన మనిషి మాత్రం లేదు.

ఇప్పుడు మనకు అలవాటైన విమర్శ దగ్గరకు వద్దాం. పట్టు పరికిణీ, నగలు, బారు జడ, వంచిన చూపు, ఇదంతా ఆడపిల్లను పెళ్ళికి తయారుచేసే కసరత్తు కాదా? అవును, చాలా వరకు. బాల్యవివాహాలను నిషేధించిన శారదా చట్టం 1929లో చేసి 1930 ఏప్రిల్ నుంచి అమలుకు తెచ్చినప్పుడు ఆడపిల్ల కనీస వయసు 14 అన్నారు. అంతకు ముందు ఎనిమిదేళ్ళ పిల్ల పూలజడ ఫొటోకీ పెళ్ళి ఫొటోకీ మధ్య ఎడం చాలా తక్కువ. సమర్తకు ఇదే జడ, పెళ్ళికి ఇదే జడ, సీమంతానికి ఇదే జడ. స్త్రీ ఒంటి మీద పితృస్వామ్యం పెట్టుకున్న మజిలీలన్నిటికీ మల్లెలే గుర్తులు. ఆ ఫొటో కాపీ సంబంధాలవారి చేతికి వెళ్ళిన సందర్భాలూ ఉన్నాయి. ఇదంతా కాదనడానికి లేదు.

కానీ ఏ సందర్భమూ లేకుండా, ఊరికే, మల్లెలు వచ్చాయని, సెలవులొచ్చాయని, అమ్మమ్మకు ముచ్చటేసిందని వేసిన జడలు లెక్కలేనన్ని ఉన్నాయి. వాటి గురించి ఆడవాళ్ళు చెప్పేటప్పుడు గొంతు మారుతుంది. ఆ బరువుకు మెడ లాగడం, తలనొప్పి, రాత్రి బోర్లా పడుకోవడం, విప్పుతామంటే ఒప్పుకోకుండా మర్నాడు బడిలేకపోయినా వీధంతా తిరగడం, పొద్దుటికి మొగ్గలు విచ్చి గోధుమరంగు తిరిగినా ఆ వాసన దుప్పటికి రెండ్రోజులు అంటుకుని ఉండడం, ఇవన్నీ వరసగా చెబుతారు. దీన్ని లొంగుబాటు అని ఒక్క మాటలో తీసిపారేస్తే మనం ఎవరి అనుభవాన్ని చరిత్రలోకి తేవాలని బయలుదేరామో వాళ్ళ నోరే నొక్కినట్టవుతుంది. 1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ పోరాటంలోని స్త్రీల మాటలను ఉన్నవి ఉన్నట్టు వినడం నేర్పింది. వినడం కష్టాల దగ్గరే ఆగిపోవాలని ఎక్కడా లేదు. బాధను సాక్ష్యంగా తీసుకున్నంత గౌరవంగా సుఖాన్ని కూడా సాక్ష్యంగా తీసుకోవడం మన పరిశోధనల్లో ఇంకా తక్కువే.

నాకు బాగా తట్టిన విషయం ఒకటుంది. ఆ జడను కుట్టినవాళ్ళందరూ చూశారు, వీధిలో జనం చూశారు, ఫొటోగ్రాఫరు చూశాడు. చూడనిది ఆ పిల్ల ఒక్కతే. అద్దం ఆమె వెనక ఉంది, ఆమె కోసం కాదు. వారం పది రోజులకు ప్రింటు వచ్చినప్పుడే తన జడను తాను తీరికగా చూసుకుంది. మన వీపును మనం చూసుకోలేం కదా. అమ్మమ్మల కాలంలో ఎక్కువ ఇళ్ళల్లో ఉన్నవి ముఖం చూసుకునే అరచేతి అద్దాలే. కాబట్టి ఇతరులు చూడటానికి తీసిన ఆ ఫొటో, చేతికొచ్చాక, ఆమెకు తనని తాను చూపించిన వస్తువైంది. చాలామంది దాన్ని పెళ్ళయ్యాక ట్రంకుపెట్టె అడుగున దాచుకుని అత్తవారింటికి తీసుకెళ్ళారు. పెళ్ళిఫొటో గోడ మీద ఉంటుంది, అది ఇంటివాళ్ళందరిదీ. ఇది పెట్టెలో ఉంటుంది.

ఒక పిట్టకథ లాంటిది. పుట్టువెంట్రుకలు తీయించే ముందు మగపిల్లలకు కూడా జడవేసి, పరికిణీ కట్టి, పూలు పెట్టి ఫొటో తీయించే అలవాటు చాలా ఇళ్ళల్లో ఉండేది. ఆ ఫొటోలు ఇప్పటికీ నవ్వులాటకు బయటికి వస్తాయి. మూడేళ్ళ దాకా ఆ అందం వాడికీ అనుమతే, ఆ తరవాత గుండు చేయించి మగవాణ్ణి చేస్తారు. ఆడపిల్ల ఫొటో చూసి ఎవరూ నవ్వరు.

స్టూడియోకి వెలుపల, 1960ల తరవాత, మధ్యతరగతి ఇళ్ళల్లోకి డబ్బా కెమెరా వచ్చింది. వడోదరలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీని ఆ తరం వాళ్ళు మరిచిపోలేదు. 120 ఫిల్ము రోలుకు 12 బొమ్మలు. ఊటీలో ప్రభుత్వం పెట్టిన హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ 1967లో ఉత్పత్తి మొదలుపెట్టి 'ఇందు' పేరుతో ఫిల్ము అమ్మింది. (ఫిల్ముకు ఆడపేరు, కెమెరా మగవాడి మెడలో.) వేసవి మొత్తానికి ఒక రోలు. అంటే ఎవరు దిగాలి, ఏది తీయాలి అని ఇంటి పెద్దలు నిర్ణయించేవారు. ఈ కెమెరాకి నిండు వెలుగు ఉండాలి, మనుషులు పది అడుగుల దూరంలో ఉండాలి. అందుకే ఆ కాలపు ఫొటోలన్నిట్లో జనం పెరట్లోనో, వీధిగుమ్మం ముందో వరసగా నిలబడి ఎండకు కళ్ళు చికిలించి ఉంటారు. పక్కింటి గోడ కూడా పడుతుంది, మనిషి ముఖం మాత్రం గోరంత.

మేడమీది పక్కలు ఫొటోల్లో ఎందుకు లేవో దీంతో తెలిసిపోతుంది. రాత్రిని ఆ కెమెరా చూడలేదు. మధ్యాహ్నపు చీకటి వసారానీ చూడలేదు. కానీ ఆవకాయ? అది పట్టపగలు, పెరట్లో, ఎండలోనే జరిగే పని. కాయలు కడిగి తుడిచి ఆరబెట్టడం, టెంక పగిలేలా ముక్కలు కొట్టడం, ఆవాలూ మిరపకాయలూ ఎండబెట్టి దంచడం, జాడీలకెత్తి వాసెన కట్టడం. అయిదారుగురు ఆడవాళ్ళు రెండ్రోజులు వంగిన నడుము ఎత్తకుండా చేసే పని. నెలసరిలో ఉన్నవాళ్ళు ఆ ఛాయలకు రాకూడదు. ఇంటిల్లిపాదీ ఏడాది పొడుగునా తినేది అదే, వేసవి అనగానే తెలుగువాళ్ళు చెప్పుకునేదీ అదే. వెలుగు చాలలేదని అనడానికి లేదు. ఆ 12 బొమ్మల్లో ఒక్కటైనా దాని మీద ఖర్చు పెట్టాలని కెమెరా పట్టుకున్నవాడికి తోచలేదు. ఆ ఆడవాళ్ళకూ తోచి ఉండదు. మాసిన చీరతో, కారం చేతులతో ఫొటో ఏమిటి? చేతులు కడుక్కుని, చీర మార్చుకుని వచ్చాక తీసేవారు. పని అయిపోయాకే స్త్రీ ఫొటోకి అర్హురాలవుతుంది. మన ఆల్బంలలో ఉన్న ఆడవాళ్ళంతా అప్పుడే చేతులు తుడుచుకుని వచ్చి నిలబడ్డవాళ్ళు.

ఇంతసేపూ నేను 'మన ఇళ్ళు' అంటూ వచ్చాను. ఎవరి ఇళ్ళు? స్టూడియో గడప తొక్కగలిగిన కులాలవి, నగానట్రా ఉన్నవాళ్ళవి. ఆ మొగ్గలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఉమ్మడి కృష్ణాజిల్లాలో మైలవరం ప్రాంతం మల్లెతోటలకు పేరు. మొగ్గ విచ్చుకోకముందే కోయాలి కాబట్టి తెల్లవారుఝామునే తోటలోకి దిగాలి. కోసేది ఎక్కువగా స్త్రీలూ, పిల్లలూ. బరువును బట్టి కూలి. మల్లెమొగ్గ బరువెంతుంటుందో ఆలోచిస్తే ఆ కూలి ఎలాంటిదో తెలుస్తుంది. వేసవి సెలవులు ఆ పిల్లలకు పూలకోత కాలం. మామిడితోటల్లోనూ, మిరప కల్లాల్లోనూ అంతే. నాతో మాట్లాడిన ఒక కూలీ స్త్రీ తన మొదటి ఫొటో ఓటరు కార్డు కోసం దిగానంది. ఎన్నికల సంఘం ఫొటో గుర్తింపు కార్డులకు ఉత్తర్వులిచ్చింది 1993లో. అప్పటికి ఆమెకు నలభై దాటాయి. "పూలు పెట్టుకుని పోయినా" అని నవ్వింది. కార్డు మీద తపాలాబిళ్ళంత ముఖం, పూలు కనబడవు. ఆమె పూలు పెట్టుకుని వెళ్ళిన సంగతి చరిత్రలో ఇంతకుముందు ఎక్కడా నమోదు కాలేదు. ఇక్కడ రాస్తున్నాను.

ఫొటో వెనకవైపు కూడా చదవాలి. చాలావాటి వెనక సిరాతో ఒక తేదీ, 'ఫలానావారి రెండో అమ్మాయి' అనో, 'చిన్నక్క గారి పిల్లలు' అనో ఉంటుంది. పేరు ఉండదు. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలుకుతూ తన పేరు మరిచిపోయిన గృహిణిని గుర్తు చేసుకోండి. ఈ ఫొటోల వెనక రాసినవాడికి ఆ పేర్లు తెలియక కాదు, అవసరం లేక రాయలేదు. అందరూ బతికున్నప్పుడు అవసరం లేదు నిజమే. ఇప్పుడు ఆ రెండో అమ్మాయి ఎవరో చెప్పగలవాళ్ళు ఎనభైల్లో ఉన్నారు.

స్టూడియోలు ఒకటొకటిగా మూతపడ్డాయి. గాజుప్లేట్లు కడిగి అద్దాలుగా వాడుకున్నారు, నెగటివులు చెదలు తిన్నాయి. ఊటీ ఫిల్ము కర్మాగారం కూడా మూతపడింది. ఇప్పుడు పూలజడలు అల్లినవి అల్లినట్టే బజారులో అమ్ముతున్నారు, కొన్ని ఆ పేరుకి కాగితపువ్వులు. ఫోనుతో ఎన్ని బొమ్మలైనా తీసుకోవచ్చు, అమ్మాయిలే తీస్తున్నారు, ఒకరినొకరు తీసుకుంటున్నారు, చీకట్లో మేడమీద కూడా తీసుకుంటున్నారు. ఆవకాయ పెడుతున్న అమ్మ కారం చేతులు కూడా బొమ్మల్లోకి వచ్చాయి. ఇది నిజంగా మంచి మార్పు. కాకపోతే ఇప్పుడు జడ ఫొటో అంటే వెనక నుంచి ఒక్క జడే. అద్దం అవసరం తీరిపోయింది. ముఖం ఇంకో ఫొటోలో ఉంటుంది, లేదా ఉండదు. ముఖమూ వీపూ ఒకే చట్రంలో, నవ్వకుండా, ఊపిరి బిగబట్టి కూర్చున్న ఆ ఎనిమిదేళ్ళ పిల్ల మాత్రం పాత ఫొటోలోనే ఉంది.

ఈ వేసవిలో పుట్టిళ్ళకు వెళ్ళే మిత్రులకు ఒక విన్నపం. పెట్టెల అడుగున అటువంటి ఫొటో దొరికితే, అందులో ఉన్నదెవరో అడగండి. జడ కుట్టిందెవరో కూడా అడగండి. రెండు పేర్లూ వెనకవైపు మెత్తటి పెన్సిలుతో రాయండి. బాల్‌పెన్ను వద్దు, అచ్చు ముందువైపుకు దిగుతుంది.